ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ ఎంత ఎత్తున ఉండాలి?

హోసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్ళారి వైపు పాత తెలుగిళ్ళ పెరట్లో బట్టలుతికే బండ ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. తమిళులు దానిని తువైక్కల్ అంటారు, కన్నడిగులు ఒగెయువ కల్లు అంటారు, మనవారు చాకిబండ అంటారు. పేరు ఏదైనా వస్తువు ఒకటే. రెండు రాతి కూసాలపైన గాని, ఇటుక గోడపైన గాని కొద్దిపాటి ఏటవాలుతో పరచిన మందపు రాయి అది. నిలుచున్న మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు. ఆ ఎత్తును ఏ ఇంజనీరూ లెక్క కట్టలేదు. ఇంటి ఇల్లాలు నిలబడి చేయి చూపిన చోట మేస్త్రీ రాయి పెట్టాడు. పొడగరి కోడలు వస్తే తడుముకోకుండా మరో వరుస ఇటుక పేర్చిన ఇళ్ళు కూడా ఉన్నాయి.

ఆ బండ పక్కకే ఇప్పుడు ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ వచ్చి చేరుతున్నది. ఉతికే శ్రమ తప్పింది, నిజమే. అయితే తలుపు మోకాటి దగ్గర ఉన్నది. బట్టలు వేయడానికి ఒకసారి, తీయడానికి మరొకసారి, డ్రమ్ము లోపల అంటుకుని ఉండిపోయిన రుమాలు కోసం ఇంకొకసారి వంగవలసి వస్తుంది. పాతికేళ్ళ వయస్సులో ఇది లెక్కలోకి రాదు. యాభై దాటి, పగలంతా చేలో కలుపు తీసి వచ్చిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. వేలకు వేలు పోసి కొన్న యంత్రాన్ని ఒక అడుగు పైకి లేపితే చాలా భాగం తీరిపోయే ఇబ్బంది ఇది. కాని ఆ ఒక్క అడుగు లేపడంలో తెలుసుకోవలసిన సంగతులు అనేకం ఉన్నాయి.

తలుపు అక్కడే ఎందుకున్నది?

ఇళ్ళలో వాడే మొదటి ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్‌ను అమెరికాలో బెండిక్స్ సంస్థ 1937లో మార్కెట్టుకు తెచ్చింది. అది ముందు తలుపు యంత్రమే. నీరు పిండే సమయంలో ఎంతగా అదిరేదంటే, దానిని బోల్టులతో నేలకు బిగించి పెట్టవలసి వచ్చేది. తరువాతి కాలంలో అమెరికా ఎక్కువగా పైతలుపు యంత్రాల వైపు మళ్ళింది. ఐరోపా మాత్రం ముందు తలుపునే పట్టుకున్నది. అక్కడ చాలా ఇళ్ళలో ఈ యంత్రం వంటగదిలో, వంట గట్టు కింద అరలో ఉంటుంది. గట్టు ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు కనుక దాని కింద దూరేటట్లు యంత్రాన్ని 85 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పుతో చేశారు. ఆ కొలతే ప్రపంచమంతా స్థిరపడింది. మన అంగళ్ళలో దొరికే ఫ్రంట్ లోడ్ యంత్రాలలో అధిక భాగం కొలత ఇంచుమించు ఇదే.

అనగా ఈ ఎత్తు గట్టుకు సరిపోయేటట్లు నిర్ణయించినది, నడుముకు సరిపోయేటట్లు కాదు. గట్టు కింద దూర్చే అవసరమే లేని మన పెరటి వసారాలో కూడా ఆ యంత్రాన్ని అదే ఎత్తున, నేలమీదనే నిలబెడుతున్నాము.

లెక్క చూద్దాం. మన దేశంలో వయోజన స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉన్నది. శరీర కొలతల శాస్త్రం ప్రకారం నిలుచున్నప్పుడు మోచేయి, మనిషి ఎత్తులో సుమారు 63 శాతం దగ్గర ఉంటుంది. మోకాలు 28 శాతానికి కొంచెం పైన ఉంటుంది. అంటే 152 సెంటీమీటర్ల స్త్రీకి మోచేయి 96 సెంటీమీటర్ల దగ్గర, మోకాలు 43 సెంటీమీటర్ల దగ్గర. యంత్రం తలుపు నడిబొడ్డు నేల నుండి దాదాపు 45, 50 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. తలుపు కింది అంచు 30 సెంటీమీటర్లకు కొంచెం అటూ ఇటూ. కంపెనీని బట్టి రెండు మూడు వేళ్ళ తేడా ఉండవచ్చు. కనుక ఇంట్లో టేపు పెట్టి కొలుచుకోవడమే మేలు.

వంగితే వెన్నుకు ఏమవుతుంది?

వెన్నుపూసల మధ్య డిస్క్ అనే మెత్తని బిళ్ళలు ఉంటాయి. స్వీడన్ దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960ల నాటికే ఆ బిళ్ళలోనికి సన్నని సూది పంపి, ఏ భంగిమలో ఎంత ఒత్తిడి పడుతున్నదో కొలిచాడు. నిటారుగా నిలబడినప్పటి ఒత్తిడి 100 అనుకుంటే, ముందుకు వంగినప్పుడు అది 150 అవుతున్నదనీ, చేతిలో బరువుతో వంగినప్పుడు 220 వరకు పోతున్నదనీ ఆయన కొలతలు తెలిపాయి. తరువాత 1999లో జర్మనీకి చెందిన విల్కె బృందం ఒక మనిషి వెన్నులో కొలమానిని అమర్చి మరింత వివరంగా చూసింది. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి, ముందుకు వంగగానే 1.1కు చేరింది. వీపు గుండ్రంగా వంచి 20 కిలోల బరువు ఎత్తినప్పుడు 2.3 అయింది. అదే బరువును మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7 దగ్గర ఆగింది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. చేతిలో ఏమీ లేకుండా వంగినా ఒత్తిడి రెట్టింపుకు మించుతున్నది. కారణం, నడుముకు పైన ఉన్న తల, చేతులు, మొండెం కలిసి శరీర బరువులో సగానికి పైగా ఉంటాయి. వంగినప్పుడు వెన్ను మోసేది ముందుగా ఆ బరువునే. కనుక "ఒక్క చీరే కదా, బరువేమున్నది" అనుకోవడం సరికాదు. చీర బరువు కాకపోవచ్చు, చీర కోసం వంగిన మనిషి బరువు.

అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ, నియోష్ అని దాని పొట్టి పేరు, 1991లో బరువులెత్తే పనికి ఒక లెక్క తయారు చేసింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు 23 కిలోల వరకు ఎత్తవచ్చునని అది మొదలు పెడుతుంది. అనుకూలమైన ఎత్తు నేల నుండి 75 సెంటీమీటర్లు. అంతకన్న కిందికి పోయినా పైకి పోయినా ప్రతి సెంటీమీటరుకూ కొంత తగ్గించాలి. బరువు ఒంటికి 25 సెంటీమీటర్ల లోపల ఉండాలి. దూరం రెట్టింపై 50 అయితే ఎత్తదగిన బరువు సగానికి పడిపోతుంది. ఒంటిని పక్కకు మెలితిప్పితే మళ్ళీ కోత.

ఈ లెక్కను వాషింగ్ మెషిన్‌కు పెట్టి చూస్తే ఆసక్తికరమైన ఫలితం వస్తుంది. నేలమీది యంత్రం నుండి, 40 సెంటీమీటర్ల ఎత్తున, చేయి 50 సెంటీమీటర్లు చాచి, 45 డిగ్రీలు పక్కకు తిరుగుతూ తడిబట్టలు తీస్తే, 23 కిలోలు కాస్తా 9 కిలోల లోపునకు దిగుతుంది. ఈ తగ్గుదలలో ఎత్తు వలన పోయింది పదవ వంతే. ఎక్కువ పోయింది చేయి దూరంగా చాచినందువలన. అదే యంత్రాన్ని ఎత్తు చేసి, దగ్గరగా నిలబడి, 35 సెంటీమీటర్ల దూరంలో మెలిక లేకుండా తీస్తే 16 కిలోలు దాటుతుంది. ఈ సూత్రం రెండు చేతులతో మెల్లగా ఎత్తే పనికి చెప్పినది. చిక్కుపడిన దుప్పటిని లాగే పనికి అది అతికినట్లు సరిపోదు. అయినా దారి చూపుతుంది. ఎత్తు పెంచడం వలన కలిగే అసలు లాభం, మనిషి యంత్రానికి దగ్గరగా నిలబడగలగడం. మోకాటి ఎత్తులోని తలుపులోకి చేయి పెట్టాలంటే పిరుదులు వెనక్కి, తల ముందుకు పోక తప్పదు. చేతికీ నడుముకూ మధ్య దూరం దానంతటదే పెరుగుతుంది.

ఇక తడిబట్టల బరువు సంగతి. 7 కిలోల పొడి నూలు బట్టలు, నిమిషానికి 1000 చుట్లతో పిండిన తరువాత కూడా, 11 కిలోల వరకు తూగుతాయి. ఒక బుట్టలో వేసి ఒకేసారి ఎత్తితే అదంతా నడుముమీదే.

ఖర్చులేని ఉపాయం

పీఠం కట్టడానికి ముందు ఒక మాట చెప్పుకోవాలి. నేలమీద కూర్చునే అలవాటు పోని ఇళ్ళకు ఈ యంత్రం అనుకూలమైనదే. 25 సెంటీమీటర్ల ఎత్తు పీటమీద కూర్చున్న స్త్రీకి మోచేయి సుమారు 45 సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. అనగా తలుపు నడిబొడ్డుకు సరిగ్గా ఎదురుగా. డ్రమ్ము లోపలి అడుగు దాకా కంటికి కనిపిస్తుంది, మరచిపోయిన చిల్లర కూడా దొరుకుతుంది. వీపు నిటారుగా ఉంటుంది. మోకాళ్ళు బాగున్నవారికి ఇంతకన్న మంచి ఉపాయం లేదు. పీట ఉన్నదే, పైసా ఖర్చు లేదు. కూర్చుని తీసి, బుట్టను మాత్రం సగం సగంగా నింపుకుని లేవాలి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి, నిండు గర్భిణులకు, కాన్పు అయి నెలలు నిండని వారికి ఇది పనికిరాదు. కూర్చోవడం కన్న లేవడమే వారికి కష్టం. పీఠం వారి కోసం.

పీఠం ఎంత ఎత్తు?

అమెరికాలో 2001లో వర్ల్‌పూల్ సంస్థ డ్యూయెట్ అనే ఫ్రంట్ లోడ్ జతను విడుదల చేసినప్పుడు, దానికి తోడుగా సొరుగుతో కూడిన ఇనుప పీఠాన్ని విడిగా అమ్మింది. తరువాత ఇతర కంపెనీలూ అదే దారి పట్టాయి. అక్కడి పీఠాల ఎత్తు సాధారణంగా 10 నుండి 15 అంగుళాలు. అక్కడి వికలాంగుల చట్టం కింద 2010లో వచ్చిన కట్టడ ప్రమాణాలలో కూడా ఈ ప్రస్తావన ఉన్నది: ముందు తలుపు యంత్రంలో తలుపు కింది అంచు నేల నుండి 15 అంగుళాలకు తగ్గకూడదు, 36 అంగుళాలు మించకూడదు. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి సైతం అందాలన్నది ఉద్దేశం. మన ఇళ్ళలో నేలమీద నిలబెట్టిన యంత్రాలు చాలావరకు ఆ 15 అంగుళాల గీతకు కిందనే ఉంటాయి.

మన స్త్రీల ఎత్తుకు 30 సెంటీమీటర్ల పీఠం, అనగా ఒక అడుగు, చాలావరకు సరిపోతుంది. తలుపు నడిబొడ్డు 78 సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. నియోష్ చెప్పిన 75కు అది దగ్గర. ఇంట్లో బట్టలు వేసే మనిషి 165 సెంటీమీటర్లు ఉంటే 40 వరకు పోవచ్చు. అంతకు మించడం తగదు. సబ్బుపొడి సొరుగు, మీటలు యంత్రం పైభాగంలో ఉంటాయి. 40 సెంటీమీటర్ల పీఠంమీద యంత్రం పైతట్టు 125 సెంటీమీటర్లకు చేరి, పొట్టి స్త్రీకి భుజం దాకా వస్తుంది. సొరుగులోకి తొంగి చూడడం కుదరదు, పైన బట్టలు మడతపెట్టే వీలూ పోతుంది.

కొలిచేటప్పుడు ఇంటి యజమాని ఎత్తు కాకుండా, బట్టలు వేసే మనిషి ఎత్తు కొలవాలి. చెప్పనక్కరలేని మాటే గాని, చాలా ఇళ్ళలో అంగడికి వెళ్ళి యంత్రాన్ని ఎన్నుకునేది ఒకరు, దానికి ఎదురుగా వంగేది మరొకరు.

బట్టలారబెట్టే డ్రయర్ మన వైపు అరుదు. ఎండ ఉండగా దాని అవసరం లేదు. యానాం, బరంపురం వంటి తీరప్రాంతాలలో వానాకాలం ముసురుకు కొందరు కొంటున్నారు. స్థలం కలిసివస్తుందని డ్రయర్‌ను వాషింగ్ మెషిన్ నెత్తిన పెట్టడం పట్టణాల్లో కనిపిస్తుంది. అప్పుడు డ్రయర్ తలుపు నడిబొడ్డు 130 సెంటీమీటర్లు దాటుతుంది, మీటలు 160కి పైన ఉంటాయి. 152 సెంటీమీటర్ల మనిషి మునివేళ్ళమీద నిలబడి చదవాలి. అది స్థలానికి సదుపాయమే గాని ఒంటికి కాదు. దాని కింద పీఠం వేయనే కూడదు. ఎల్‌జి సంస్థ 2020లో తెచ్చిన వాష్‌టవర్‌లో రెండింటి మీటలనూ నడుమ అమర్చడం ఈ ఇబ్బందికి విరుగుడే. ఉతికి ఆరబెట్టే పని ఒకే డ్రమ్ములో చేసే యంత్రమైతే తడిబట్టలు ఒకచోటి నుండి మరొకచోటికి మార్చే బాధ లేదు. కాని ఉతికినన్ని బట్టలు ఒకే విడతలో అది ఆరబెట్టలేదు.

పైతలుపు యంత్రం కొంటే వంగే పని లేదని అంగడివారు చెబుతారు. పొడగరులకు ఆ మాట నిజం. పొట్టివారు లోతైన తొట్టి అడుగున ఉన్న బట్ట అందుకోవడానికి అంచును పొట్టకు ఆనించి తలకిందులుగా వంగుతారు. ఆ యంత్రాన్ని మాత్రం ఎత్తు చేయకూడదు.

పీఠం కట్టించి బుట్టను నేలమీద పెడితే సగం లాభం పోతుంది. నడుము ఎత్తులో తీసిన బట్టను నేలమీద వేసి, మళ్ళీ 11 కిలోలుగా ఎత్తడమే అవుతుంది. ప్లాస్టిక్ స్టూలు ఒకటి వేసి, దానిపైన బుట్ట పెట్టాలి. తలుపు చాలా యంత్రాల్లో ఎడమవైపుకు తెరచుకుంటుంది కనుక బుట్ట కుడివైపున, ముందుకు జరిపి ఉండాలి. మెలితిరగకుండా కాళ్ళతో తిరగాలి. దండెం కూడా తలకు మించిన ఎత్తున ఉంటే భుజాలు పీకుతాయి. చేయి కొద్దిగా ఎత్తితే అందేటట్లు కట్టుకుని, మధ్యలో కర్రతో లేపుకోవడం పాత పద్ధతి; అదే మంచిది.

కట్టే విధం

ఫ్రంట్ లోడ్ యంత్రం 60 నుండి 75 కిలోల బరువు ఉంటుంది. అందులో కొంత కాంక్రీటు దిమ్మెలదే. అదురును అణచడానికి వాటిని డ్రమ్ము తొట్టికి బిగిస్తారు. డ్రమ్ము 50 సెంటీమీటర్ల వ్యాసంతో నిమిషానికి 1000 చుట్లు తిరిగేటప్పుడు అంచున ఉన్న బట్టపై పడే బలం దాని బరువుకు 270 రెట్ల పైమాట. అరకిలో బట్ట ఒక పక్కకు ముద్దయితే 130 కిలోలకు మించిన లాగుడు, సెకనుకు పదహారుసార్లు దిక్కు మారుస్తూ ఉంటుంది. 1400 చుట్లకు అది దాదాపు రెట్టింపు. స్ప్రింగులు, దిమ్మెలు చాలావరకు మింగుతాయి. మిగిలినది కాళ్ళ ద్వారా పీఠానికి దిగుతుంది.

కావున పేర్చిన ఇటుకలు, చెక్కపెట్టె, చక్రాల స్టాండు, ప్లాస్టిక్ బల్ల – ఇవేవీ ఒక అడుగు ఎత్తుకు పనికిరావు. అంగళ్ళలో దొరికే చిన్న స్టాండ్లు నాలుగైదు అంగుళాలే లేపుతాయి. అవి చెమ్మ తగలకుండా ఉండడానికి, నడుము కోసం కాదు. ఇటుకతో కట్టి పైన కాంక్రీటు పలక వేసిన గట్టి దిమ్మె అన్నిటికన్న నమ్మదగినది. వెడల్పు యంత్రం కన్న పక్కలకు నాలుగు వేళ్ళు ఎక్కువ ఉండవచ్చు. ముందుకు మాత్రం ఎక్కువ ఉండకూడదు. దిమ్మె ముందుకు పొడుచుకు వస్తే మనిషి అంత దూరం వెనుక నిలబడాలి, చేయి అంత చాచాలి. పైన చెప్పిన లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. యంత్రం జారకుండా చుట్టూ అంగుళం ఎత్తు గట్టు, వెనుక నీరు నిలవకుండా చిన్న వాలు గాడి అవసరం. నునుపైన గ్రానైటు అందంగా ఉంటుంది గాని కాళ్ళు జారుతాయి. దాని బదులు గరుకు సిమెంటే మేలు.

అద్దె ఇళ్ళవారికి సిమెంటు దిమ్మె కుదరదు. వెల్డింగు షాపులో మందపు ఇనుప కోణాలతో, నాలుగు కాళ్ళనూ అడ్డు పట్టీలతో కలిపి, యంత్రం కాళ్ళు దిగే గుంటలతో చేయించుకోవచ్చు. గోడకు ఒకచోట బిగిస్తే నిశ్చింత.

నీటి విషయం చాలామంది మరచిపోతారు. ఈ యంత్రాలకు కనీసం 0.3 బార్ ఒత్తిడి కావాలని చాలా కంపెనీలు చెబుతాయి. అంటే మూడు మీటర్ల ఎత్తు నుండి దిగే నీరు. ఒక అంతస్తు ఇంట్లో స్లాబు మీద నేరుగా ట్యాంకు పెడితే, నీరు లోనికి వెళ్ళే గొట్టం యంత్రం వెనుక 80 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది కనుక మిగిలేది రెండుంబావు మీటర్లే. పీఠంతో అది ఇంకో అడుగు తగ్గుతుంది. నీరు నిండడానికి ఆలస్యమై, యంత్రం మధ్యలో ఆగి గంట కొడుతుంది. మెకానిక్కును పిలిచేలోగా ట్యాంకు కింద దిమ్మె ఎత్తు చూసుకోవాలి. దానిని పెంచడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టడమో చేయాలి.

బయటికి పోయే గొట్టానిది దీనికి తలకిందులైన సమస్య. దాని కొన యంత్రం నిలిచిన మట్టానికి 60 నుండి 100 సెంటీమీటర్ల పైన ఉండాలన్నది సాధారణ నియమం. మన ఇళ్ళలో దానిని నేలమీది తూములో పడేస్తారు. డ్రమ్ములో నీటి మట్టం కన్న కొన కిందికి ఉంటే, ఒకసారి పారడం మొదలైన నీరు దానంతటదే లాక్కుని పోతూ ఉంటుంది. పై నుండి నీరు పడుతూ, కింది నుండి పోతూ, యంత్రం ఎంతకీ నిండదు. పీఠం ఎక్కిస్తే ఈ లాగుడు పెరుగుతుంది. గొట్టాన్ని గోడకు కొక్కెంతో పైకి వంపు తిప్పి, నిలువు పైపులోకి వదులుగా దింపాలి. గాలి ఆడకుండా సందు మూసివేయకూడదు.

పసిపిల్లలున్న ఇంట్లో పీఠం మెట్టుగా మారకుండా స్టూలును పని కాగానే తీసివేయాలి. ఖాళీ యంత్రం తలుపు మూసి ఉంచి, చైల్డ్ లాక్ వాడుకోవాలి.

యంత్రాన్ని పీఠంపైకి ఎక్కించడానికి ముగ్గురు మనుషులు ఉండాలి. తలుపు పట్టుకుని గాని, పైపలక పట్టుకుని గాని ఎత్తరాదు. అడుగు అంచు పట్టుకోవాలి. కొత్త యంత్రమైతే, ప్రయాణంలో డ్రమ్ము కదలకుండా వెనుక బిగించిన బోల్టులను తీసిన తరువాతే నడపాలి. ఉన్నచోటి నుండి వేరే ఊరికి తీసుకుపోయేటప్పుడు మళ్ళీ బిగించాలి కనుక వాటిని పారవేయకూడదు. నాలుగు కాళ్ళనూ తిప్పి, రసమట్టం పెట్టి, రెండు వైపులా సమంగా చేసి, కాళ్ళ నట్లు బిగించాలి. ఎదురెదురు మూలలు నొక్కితే ఊగకూడదు. మొదట ఒక విడత తక్కువ బట్టలతో, నిమిషానికి 800 చుట్లకు మించకుండా పిండించి, ఎదుట నిలబడి చూడాలి. యంత్రం పీఠంపై ఒక వేలి వెడల్పు జరిగినా ఆపి, కాళ్ళు మళ్ళీ సరిచేయాలి.